ఐలీన్ తప్పేముంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో క్లేర్ కీగన్ నవల ‘స్మాల్ థింగ్స్ లైక్ దీజ్’ చదవమని చెప్పాను. 2021లో వచ్చిన చిన్న పుస్తకం, ఒక్క రాత్రి కూర్చుంటే అయిపోతుంది. వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు కోపంతో రాసినవే, అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇస్తున్నాను.

చదవనివాళ్ళ కోసం కథ నాలుగు ముక్కల్లో చెప్తాను. 1985, ఐర్లండ్‌లో న్యూరాస్ అనే ఊరు, క్రిస్మస్ ముందు చలి రోజులు. బిల్ ఫర్లాంగ్ బొగ్గు, కట్టెలు అమ్ముకుని బతికే మనిషి. భార్య ఐలీన్, ఐదుగురు ఆడపిల్లలు. ఊళ్ళో ఒక కాన్వెంటు, దాంట్లో నన్స్ నడిపే లాండ్రీ ఉన్నాయి. పెళ్లి కాకుండా తల్లయినవాళ్ళని, ఇంట్లో బరువనుకున్నవాళ్ళని అక్కడ పెట్టి బట్టలుతికిస్తారు. ఒక తెల్లవారుజామున బొగ్గు వేయడానికి వెళ్తే, బయట గొళ్ళెం పెట్టిన బొగ్గు గదిలో ఒక పిల్ల వణుకుతూ కనిపిస్తుంది. చివరికి క్రిస్మస్ ముందురోజు ఆ పిల్లను వెంటబెట్టుకుని, ఊళ్ళో అందరూ చూస్తుండగానే ఇంటికి బయల్దేరుతాడు. కథ అక్కడితో ఆగిపోతుంది.

ఇదంతా నిజంగా జరిగిందా, రచయిత్రి కల్పించిందా? – ఒక టీచర్, జనగామ

ఫర్లాంగ్ కల్పితం. లాండ్రీలు కల్పితం కావు మేడమ్. వాటిని మాగ్డలీన్ లాండ్రీలంటారు. ఐర్లండ్‌లో ఆఖరిది మూతపడింది 1996లో, డబ్లిన్‌లో. అంటే మన ఇళ్ళల్లోకి కేబుల్ టీవీ వచ్చాక కూడా అవి నడిచాయి. 1922 నుంచి 1996 దాకా దాదాపు 10,000 మంది ఆడవాళ్ళు వాటిలో గడిపారని 2013లో అక్కడి ప్రభుత్వ కమిటీ లెక్క తేల్చింది. వాళ్ళను అక్కడికి చేర్చిన దారులు తెలిసినంతవరకు చూస్తే, సుమారు నాలుగో వంతు మందిని పంపిన దాంట్లో ప్రభుత్వం చెయ్యి ఉందని కూడా అదే రిపోర్టు చెప్పింది. రిపోర్టు వచ్చిన నెలలోనే ప్రధాని ఎండా కెన్నీ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. న్యూరాస్‌లో నిజంగానే ఒక లాండ్రీ ఉండేది, కాకపోతే అది 1967లోనే మూతపడింది. రచయిత్రి దాన్ని 1985 దాకా తీసుకొచ్చింది. మొత్తం దేశం సంగతి చూస్తే అది అబద్ధం చెప్పినట్టు కాదు.

ఫర్లాంగ్ చేసింది మంచి పనే, కాదనను. కానీ ఐదుగురు ఆడపిల్లల తండ్రి అట్ల చేయొచ్చా? నాకు చిన్న షాపుంది సార్, ఇద్దరు పిల్లలు ప్రైవేట్ స్కూల్లో చదువుతున్నారు. నలుగురితో చెడితే సాయంత్రానికి గల్లా ఖాళీ. పుస్తకాలు రాసేవాళ్ళకు ఈ టెన్షన్ తెలుస్తుందా? – ఒక వ్యాపారి, నర్సంపేట

అన్నా, ఈ పుస్తకం రాసినామెకు అది చాలా బాగా తెలుసు. మీ ప్రశ్నకోసమే ఈ పేజీ తెరిచాను అనుకోండి.

ఒక సంగతి గమనించండి, చాలామంది దాన్ని దాటేశారు. ఫర్లాంగ్ ఆ పిల్లను మొదటిసారి చూసిన రోజు తీసుకురాలేదు. చూశాడు, తన కోటు కప్పాడు, లోపలికి తీసుకెళ్ళి నన్స్‌కే అప్పగించాడు. పెద్ద మదర్ ఛాయ్ పోయించింది. మాటల మధ్యలో మీ అమ్మాయిలు మా స్కూల్లో ఎలా చదువుతున్నారు, మిగతావాళ్ళకు కూడా సీటు కావాలి కదా, అందరికీ చోటు దొరకడం అంత తేలిక కాదు అన్నట్టు మాట్లాడింది. బెదిరింపు అని ఎక్కడా అనిపించని బెదిరింపు అది. తర్వాత క్రిస్మస్ కానుకని ఒక కవరు చేతిలో పెట్టింది, డబ్బుంది దాంట్లో. ఫర్లాంగ్ తీసుకున్నాడు. తీసుకుని ఇంటికెళ్ళి, భార్యాపిల్లలతో చర్చికి పోయాడు. ఆ పిల్లేమో బొగ్గు గది నుంచి బయటికి రాగానే తన పసిబిడ్డ ఎక్కడుందో అడిగి చెప్పమని ఆయన్నే బతిమాలింది, ఆ మాట కూడా ఆయన అక్కడ అడగలేదు.

నాకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. మీరు భయపడిన ప్రతిదానికీ ఫర్లాంగ్ కూడా భయపడ్డాడు, ఆ భయంతో తప్పు చేశాడు కూడా. ఊళ్ళో హోటల్ నడిపే మిసెస్ కెహో అతన్ని పక్కకు పిలిచి మంచి మాటగా చెప్తుంది: కాన్వెంటుకూ స్కూలుకూ మధ్య ఒక్క గోడే ఉంది, పిల్లల భవిష్యత్తు పాడు చేసుకోకు అని. ఆమె దుర్మార్గురాలు కాదు. రేపు మీ షాపు ముందు నిలబడి మీ మేలు కోరి ఇదే మాట చెప్పేవాళ్ళు నర్సంపేటలో పదిమంది ఉంటారు, హన్మకొండలో ఇంకో పదిమంది ఉంటారు.

మరి చేయొచ్చా అని అడిగారు. చేయాల్సిందే అంటాను. బయట గొళ్ళెం పెట్టిన గదిలో ఒక ఆడపిల్ల ఉందని కళ్ళారా చూసిన తర్వాత, మీ పిల్లల ఫీజు గుర్తుచేసుకుని వెనక్కి తిరిగి రావడాన్ని నేను తప్పు కాదనలేను. అయితే ఆ పనికి ఖర్చు కట్టేది ఫర్లాంగ్ ఒక్కడే కాదు. సీటు పోయేది అతని చిన్న కూతుళ్ళకు, వాళ్ళను ఎవరూ అడగలేదు. మంచి పని చేసేవాడి ఇంట్లోవాళ్ళు ఎప్పుడూ ఇలా అడక్కుండానే వాటాదారులవుతారు. రచయిత్రి దీన్ని దాచలేదు. అసలు కష్టమంతా ముందుంది అని ఫర్లాంగ్‌కే చివర్లో తెలుసు. మీ కోపం పుస్తకం మీద కాదు, పుస్తకం అడిగిన ప్రశ్న మీద అని నాకనిపిస్తుంది.

ఐలీన్‌ను అందరూ స్వార్థపరురాలంటున్నారు. నాకైతే ఆమె మాటల్లో తప్పేమీ కనిపించలేదు. మా ఇంట్లో చదివినవాళ్ళందరూ మగవాళ్ళే, అందరూ ఫర్లాంగ్ పక్షం. – ఒక గృహిణి, కరీంనగర్

అక్కా, ఈ ఉత్తరం చదివి చాలా సంతోషమేసింది, ఎందుకంటే ఐలీన్ పక్షాన మాట్లాడినవాళ్ళు చాలా తక్కువ. ఆమె ఏమంటుందో గుర్తుచేసుకుందాం. మన పిల్లలు మనకున్నారు, అక్కడి పిల్లలతో మనకేం సంబంధం, బతకాలంటే కొన్ని చూసీ చూడనట్టు పోవాలి అంటుంది. ఫర్లాంగ్‌కి చురుక్కుమంటుంది, ఎందుకంటే అతని తల్లి కూడా పెళ్లి కాకుండానే అతన్ని కన్నది. మిసెస్ విల్సన్ అనే ప్రొటెస్టెంట్ వితంతువు ఇంట్లో పనిమనిషి ఆమె. ఆ మిసెస్ విల్సన్ వెళ్ళగొట్టకుండా తల్లినీ పిల్లాడినీ ఉంచుకున్నది. ఆమె కూడా నీలాగే ఆలోచించి ఉంటే నేనెక్కడ ఉండేవాణ్ణి అని భార్యను అడుగుతాడు.

దానికి ఐలీన్ ఇచ్చిన జవాబు చాలామంది గమనించలేదు. మిసెస్ విల్సన్‌కు పెద్ద ఇల్లుంది, పొలముంది, పెన్షన్ వస్తుంది, తన ఇష్టం వచ్చినట్టు బతకగలిగిన అతి కొద్దిమంది ఆడవాళ్ళలో ఆమె ఒకతి, మనకూ ఆమెకూ పోలికా అంటుంది. ఎంత నిజం! నెలాఖరుకు ఏ డబ్బాలో ఎంతుందో లెక్కపెట్టుకునే మనిషికి మాత్రమే ఈ మాట వస్తుంది. పిల్లల కోట్లు, బూట్లు, స్కూలు, పండుగ కేకు అన్నీ ఆమె చేతి మీదే నడుస్తాయి. రేపు ఆ పిల్ల వచ్చి నిలబడేది కూడా ఐలీన్ వంటింట్లోనే. ఆమెకు నీళ్ళు కాచేది, పడక వేసేది, ఊరి మాటలు పడేది ఎవరు?

నా మట్టుకు నాకు ఫర్లాంగ్ మీద ఒక్క కంప్లయింట్ ఉంది: ఇంట్లో చెప్పకుండా చేశాడు. ముందే చెప్పి ఉంటే ఆమె వద్దనేదే, గొడవయ్యేదే. అయినా చెప్పాల్సింది. ఐలీన్ చేసింది ఒప్పు అని మాత్రం అనను. ఆమె చెప్పిన కారణాలన్నీ నిజమే. ఆ పిల్ల బొగ్గు గదిలో ఉందన్నదీ నిజమే.

ఐలమ్మ పోరాడిన నేల మీద ఉన్నాం మనం. ఒక పిల్లను చెయ్యి పట్టుకుని నడిపించడాన్ని ధైర్యం అనాలా? – ఒక విద్యార్థి, కాకతీయ యూనివర్సిటీ

తమ్ముడూ, పాలకుర్తి ఐలమ్మ కౌలు పొలం కోసం, చేతికొచ్చిన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్ మీద నిలబడింది. దానికి గుండె కావాలి, తల వంచి నమస్కారం పెడతాను. (ఆమె కన్నుమూసింది 1985లో, ఈ కథ జరిగే సంవత్సరమే.) కానీ పోల్చాలనుకుంటే పూర్తిగా పోల్చు. అది ఐలమ్మ పొలం, ఆమె కుటుంబం తిండి, పైగా వెనక సంఘం ఉంది, పంటను కాపాడి ఇంటికి చేర్చడానికి మనుషులొచ్చారు. ఫర్లాంగ్‌కు వెనక ఎవరూ లేరు. ఆ పిల్ల అతనికి ఏమీ కాదు. ఊరుకుంటే అతనికి నష్టం లేదు సరికదా, కవర్లో డబ్బు కూడా వచ్చింది. ఇది వేరే రకం ధైర్యం. జెండా ఉండదు, పాట ఉండదు, తెల్లారి మెచ్చుకునేవాళ్ళు ఉండరు. దీన్ని తక్కువ చేయొద్దు, ఎందుకంటే మన జీవితాల్లో చాలామందికి ఎదురయ్యేది ఈ రకమే.

సింగరేణిలో చేసి రిటైరయ్యాను. బొగ్గు మనిషి హీరోగా ఉన్న పుస్తకమని చదివాను, చేతుల మసి గురించి రాసింది బాగుంది. సినిమా కూడా ఉందటగా? – భూపాలపల్లి

ఉంది సార్, 2024లో వచ్చింది, కిలియన్ మర్ఫీ ఫర్లాంగ్‌గా చేశాడు. పెద్ద మదర్‌గా చేసిన ఎమిలీ వాట్సన్‌కు బెర్లిన్ ఫెస్టివల్‌లో అవార్డు వచ్చింది. ముందు పుస్తకం చదివారు కాబట్టి ఇప్పుడు చూడొచ్చు.

ఇవన్నీ ఆ దేశపు సంగతులు. మన దగ్గర ఇట్లాంటివి లేవు కదా! – జగిత్యాల

ఉన్నాయండీ. దొరల గడీల్లో ఆడబాపలు ఎవరు? దొర బిడ్డకు పెళ్లయితే ఆమె వెంట అత్తారింటికి పంపిన ఆడపిల్లలు. జీవితాంతం ఆ గడీలోనే చాకిరీ, మీదినుంచి జరిగే అఘాయిత్యాలు కూడా భరించాలి. ఊరందరికీ తెలుసు. మీ కరీంనగర్, నిజామాబాద్ వైపు పల్లెల్లో జోగినీలు ఎవరు? దేవుడి పేరు చెప్పి చిన్న పిల్లలకు ముడి వేయించి, ఊరి మగవాళ్ళకు వదిలేసినవాళ్ళు. దాన్ని ఆపడానికి 1988లో చట్టం చేయాల్సి వచ్చింది. ముడి వేసేటప్పుడు డప్పు కొట్టినవాళ్ళు, భోజనం చేసినవాళ్ళు, దూరంగా నిలబడి చూసినవాళ్ళు అందరూ మామూలు మనుషులే, న్యూరాస్‌లో ఆ లాండ్రీకి దుప్పట్లు వేసి తెల్లగా ఉతికించుకున్నవాళ్ళలాగా. ఇది ఒక మతం గురించిన నవల అని ఇంకొందరు రాశారు. ఫర్లాంగ్ కూడా క్యాథలిక్కే, ఆదివారం చర్చికి పోయేవాడే. నవల అడిగేది మతం గురించి కాదు, అందరికీ తెలిసిన సంగతిని అందరూ ఎట్లా మోశారని.

ఆ పిల్ల పసిబిడ్డ ఏమైంది? పుస్తకం మూశాక కూడా అదే మనసులో తిరుగుతోంది. – ఒక నర్సు, వరంగల్

పుస్తకం చెప్పదు. పద్నాలుగు వారాల పసికందు అని మాత్రం తెలుస్తుంది. బయటి చరిత్రలోకి వెళ్తే, అలాంటి బిడ్డల్లో చాలామందిని దత్తతకు ఇచ్చేశారు, కొందరిని సముద్రం దాటించి అమెరికా పంపారు. పెళ్లికాని తల్లుల్ని కాన్పుకు ఉంచిన తల్లీబిడ్డల ఆశ్రమాల మీద అక్కడి ప్రభుత్వం వేసిన కమిషన్ 2021 జనవరిలో రిపోర్టు ఇచ్చింది: తాము చూసిన 18 సంస్థల్లో సుమారు 9,000 మంది పిల్లలు చనిపోయారని. ట్యూమ్ అనే ఊళ్ళోని అలాంటి ఆశ్రమంలో చనిపోయిన 796 మంది పిల్లల మరణ రికార్డులను ఒక్కొక్కటిగా బయటికి తీసింది కేథరిన్ కార్లెస్ అనే స్థానిక చరిత్రకారిణి. ఎవరూ అడగని పనిని ఓపికగా చేసింది, ఆ ఊళ్ళో చాలామందికి నచ్చకపోయినా.

మన దగ్గరా పిల్లలు మాయమయ్యారు, మరిచిపోవద్దు. 1999లోనూ, 2001లోనూ తెలంగాణ లంబాడ తండాల నుంచి పసి ఆడపిల్లల్ని కొద్ది డబ్బుకు తీసుకుని, అనాథాశ్రమాల మీదుగా విదేశాలకు దత్తతకు పంపిన వ్యవహారం బయటపడింది.

దత్తతకు వెళ్ళిన పిల్లలు పెద్దయ్యాక ఏం చేస్తున్నారంటే, కన్నతల్లిని వెతుక్కుంటున్నారు. ఐర్లండ్‌లో 2022 అక్టోబర్ నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది, దాంతో దత్తత వెళ్ళినవాళ్ళు తమ పుట్టిన సర్టిఫికెట్, రికార్డులు అడిగి తీసుకోవచ్చు. ఆ పిల్ల బిడ్డ నిజంగా ఉండి ఉంటే ఈరోజుకు నలభై దాటి ఉండేవి, ఆ ఫారం నింపి తల్లి పేరు తెలుసుకునే హక్కు అతనికీ ఉండేది.