తండ్రి ఇంట్లో లేకపోతే మనోవిశ్లేషణ చెప్పే ‘తండ్రి పాత్ర’ కూడా ఉండదా?

ఉంటుంది, ఈ సిద్ధాంతంలో తండ్రి అంటే ముఖ్యంగా తల్లీబిడ్డల మధ్యకు వచ్చే కట్టుబాటు. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ లెక్కలో మూడు నుంచి ఐదారేళ్ల మగపిల్లాడికి అమ్మ తనకే కావాలి, నాన్న పోటీదారు. భయంతో ఆ కోరిక వదులుకుని నాన్ననే అనుకరిస్తాడు. అంతరాత్మ అలా ఏర్పడుతుంది. ఆడపిల్లల గురించి ఆయన ఇచ్చిన వివరణ మాత్రం అంత నిలబడేది కాదు. 1950లలో ఫ్రెంచ్ మనోవిశ్లేషకుడు లకాన్ ఈ పాత్రను మనిషి నుంచి మాటకు మార్చాడు, అంటే తండ్రి ఎదురుగా లేకపోయినా ఆయన పేరుతో చెప్పే మాటే ఆ కట్టుబాటు.

బరంపురంలో ఒక తెలుగింటి తండ్రి సూరత్ పవర్‌లూమ్‌లో పనిచేస్తున్నాడనుకోండి. అమ్మ పక్క వదలనని మారాం చేసే ఐదేళ్లవాడితో తల్లి, “నాన్న ఒప్పుకోరు, పోయి నాన్నమ్మ దగ్గర పడుకో” అంటుంది. తండ్రి పాత్ర ఆమె నోటితోనే పనిచేసింది.

తండ్రి కఠినంగా ఉండాలనో, దూరంగా ఉంటే పిల్లలు చెడిపోతారనో దీని అర్థమని చాలామంది పొరబడతారు. ఆయన మాటకు తల్లి ఎంత విలువిస్తుందన్నదే లకాన్ చూసింది.