రౌటింగ్ సందేహాలు: పింగ్ వెళ్తోంది, నైబర్ మాత్రం కుదరడం లేదు

ప్రశ్న: మా ప్రధాన కార్యాలయంలో లేయర్-3 స్విచ్, శాఖలో రౌటర్ ఉన్నాయి. మధ్యలో సర్వీస్ ప్రొవైడర్ ఇచ్చిన ఈథర్నెట్ లింకు. రెండు వైపులా ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు తమకు తెలిసిన దారులను తమలో తాము పంచుకునే పద్ధతి) పెట్టాం. పింగ్ (అవతలి పరికరం అందుతోందా అని చూసే పరీక్ష) వెళ్తోంది. నైబర్ (ఓఎస్‌పీఎఫ్‌లో జతకట్టే అవతలి పరికరం) మాత్రం ఒకవైపు ఎక్స్‌స్టార్ట్, మరోవైపు ఎక్స్చేంజ్ అనే దశలు చూపించి, కాసేపటికి తెగి మళ్లీ మొదటికొస్తోంది. ఒక్క రౌట్ (దారి) కూడా రావడం లేదు. (విజయవాడ)

జవాబు: పింగ్ వెళ్లడంలో వింతేమీ లేదు. సైజు చెప్పకపోతే సిస్కో రౌటర్ 100 బైట్ల పింగే పంపుతుంది. అంత చిన్నది ఎలాంటి లింకునైనా దాటేస్తుంది. నైబర్లు ఒకరినొకరు పలకరించుకునే హలో ప్యాకెట్ కూడా చిన్నదే. ఈథర్నెట్ మీద 10 సెకన్లకోసారి 224.0.0.5 అనే మల్టీకాస్ట్ చిరునామాకు వెళ్తుంది. ఏరియా నంబరు, హలో, డెడ్ (హలో రాకపోతే ఎంతసేపు ఆగాలో చెప్పే) టైమర్లు, సబ్‌నెట్ మాస్క్, స్టబ్ (ఏరియా రకం చెప్పే) గుర్తు, ఆథెంటికేషన్ వీటిలో ఏది కలవకపోయినా అవతలివాడు నైబర్ పట్టికలోకే రాడు. ఎదుటివాడి హలోలో తన రౌటర్ ఐడీ (గుర్తింపు సంఖ్య) కనిపిస్తే అది టూ-వే. మీరు ఆ గడప దాటేశారు కాబట్టి టైమర్లు, ఏరియాలు మళ్లీ మళ్లీ చూసి సమయం పాడుచేసుకోకండి.

ఎక్స్‌స్టార్ట్‌లో ఎవరు మాస్టరో, అంటే మార్పిడిని ఎవరు నడిపిస్తారో తేల్చుకుంటారు. రౌటర్ ఐడీ పెద్దదైనవాడే మాస్టర్. ఆ తర్వాత ఎక్స్చేంజ్‌లో డీబీడీ (డేటాబేస్ వివరణ) ప్యాకెట్లలో తమ దగ్గరున్న ఎల్ఎస్ఏల (లింకుల సమాచారం ఉన్న రికార్డుల) పట్టీని, అంటే హెడర్లను మాత్రమే, మార్చుకుంటారు. చిక్కు ఇక్కడే. ప్రతి డీబీడీలోనూ పంపేవాడి ఇంటర్‌ఫేస్ ఎంటీయూ (ఒక్కసారి పంపగల అతిపెద్ద ప్యాకెట్ సైజు) రాసి ఉంటుంది. అది తన ఎంటీయూ కంటే పెద్దదైతే అందుకున్నవాడు ప్యాకెట్‌ను పారేస్తాడు. మీ స్విచ్‌లో ఎవరో జంబో (మామూలు కంటే పెద్ద) ఫ్రేముల కోసం 9000 పెట్టి ఉంటారు, రౌటర్‌లో 1500 ఉంటుంది. జవాబు రాని డీబీడీని పంపిన పరికరం దాన్నే పంపి పంపి, చివరికి 'టూ మెనీ రీట్రాన్స్‌మిషన్స్' అని లాగ్‌లో రాసి నైబర్‌ను దించేస్తుంది. లాగ్‌లో ఆ మాట ఉందేమో చూడండి.

రెండు వైపులా ఐపీ ఎంటీయూ ఒకటే చేయండి. తర్వాత డీఎఫ్ బిట్ (ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దనే గుర్తు) పెట్టి 1500 సైజుతో పింగ్ కొట్టండి. సిస్కో ఐఓఎస్‌లో ఈ 1500లో హెడర్లు కలిసే ఉంటాయి. లినక్స్ నుంచి అయితే 1472 ఇవ్వాలి, మిగతా 28 బైట్లు ఐపీ, ఐసీఎంపీ హెడర్లవి. రెండు చివర్లా 1500 ఉన్నా ఈ పింగ్ పోలేదంటే మధ్యలో ప్రొవైడర్ పరికరం పెద్ద ప్యాకెట్లను మింగేస్తోందన్నమాట. వాళ్లతో సరిచేయించండి, లేదా పింగ్ వెళ్లే సైజు దాకా రెండు వైపులా ఎంటీయూ తగ్గించండి.

'ఎంటీయూ-ఇగ్నోర్' అనే కమాండ్ ఇస్తే చాలని చాలామంది చెప్తారు. ఇచ్చిన రోజు నైబర్ ఫుల్‌కు (డేటాబేస్ పూర్తిగా కలిసిన దశకు) వస్తుంది కూడా. కానీ అది తనిఖీని ఆపుతుందే తప్ప దారిని వెడల్పు చేయదు. డేటాబేస్ పెరిగి పెద్ద అప్‌డేట్ ప్యాకెట్ వెళ్లాల్సిన రోజున లోడింగ్ (ఎల్ఎస్ఏలు తెచ్చుకునే దశ) దగ్గర ఇరుక్కుంటుంది. మా సలహా: వాడొద్దు.

ప్రశ్న: ఒకే స్విచ్‌కు ఐదు ఓఎస్‌పీఎఫ్ రౌటర్లు తగిలించాం. కొన్ని నైబర్లు ఫుల్‌కు రాకుండా టూ-వే దగ్గరే ఆగాయి. లోపమేనా? (వరంగల్)

జవాబు: కాదు, అది పద్ధతే. ఐదుగురూ ఒకరితో ఒకరు డేటాబేస్ మార్చుకోవాలంటే 10 జతలు. అందుకే డీఆర్ (అందరి తరఫున ప్రతినిధి), బీడీఆర్ (దానికి బదులు నిలిచేవాడు) అని ఇద్దరిని ఎన్నుకుని మిగతావాళ్లు వాళ్లతోనే ఫుల్ అవుతారు. 7 జతలు ఫుల్, మిగతా ముగ్గురి మధ్య 3 జతలు టూ-వే. మీ లెక్క ఇలా ఉంటే నిశ్చింతగా ఉండండి. అందరూ అందరితో టూ-వేలోనే ఉంటే మాత్రం ప్రయారిటీ (డీఆర్ ఎన్నికలో చూసే సంఖ్య) చూడండి. అందరికీ 0 పెట్టేస్తే డీఆర్ అయ్యేవాడే ఉండడు, రౌట్లూ రావు. ఇంకోటి: తర్వాత ఎక్కువ ప్రయారిటీ రౌటర్‌ను తెచ్చిపెట్టినా ఉన్న డీఆర్ కుర్చీ దిగదు.

ప్రశ్న: ఓఎస్‌పీఎఫ్‌లో లింకు తెగితే ఇంకో దారికి మారడానికి 40 సెకన్లు పడుతోంది. (నెల్లూరు)

జవాబు: మధ్యలో మీడియా కన్వర్టరో (రాగి తీగను ఫైబర్‌కు కలిపే పెట్టె) స్విచ్చో ఉండి ఉంటుంది. అవతల ఫైబర్ తెగినా మీ పోర్టు వెలుగుతూనే ఉంటుంది, దాంతో డెడ్ టైమర్ 40 సెకన్లూ గడవాల్సిందే. హలో 1, డెడ్ 4 పెట్టుకోవచ్చు, కానీ రెండు వైపులా పెట్టాలి. ఒకవైపే మార్చితే ఉన్న నైబర్ కూడా పోతుంది. పరికరాల్లో సదుపాయం ఉంటే బీఎఫ్‌డీ (లింకు తెగిందని త్వరగా పట్టే పద్ధతి) మేలు: 300 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్, మూడు తప్పితే కట్, అంటే సెకను లోపే.

ప్రశ్న: బీజీపీలో (వేర్వేరు సంస్థల నెట్‌వర్క్‌ల మధ్య రౌట్లు పంచుకునే పద్ధతి) నైబర్ 'యాక్టివ్' అని చూపిస్తోంది. యాక్టివ్ అయితే రౌట్లు ఎందుకు రావు? (హైదరాబాద్)

జవాబు: పేరు చూసి మోసపోకండి. యాక్టివ్ అంటే కనెక్షన్ కోసం ఇంకా తంటాలు పడుతున్నానని అర్థం. పని జరిగేది ఎస్టాబ్లిష్డ్‌లోనే. బీజీపీ మామూలుగా హలోలతో పొరుగువాడిని వెతుక్కోదు. చిరునామా, ఏఎస్ (ఒకే సంస్థ నడిపే నెట్‌వర్క్) నంబరు మనమే రాయాలి, టీసీపీ పోర్ట్ 179 మీద కలవాలి. ముందు ఫైర్‌వాల్‌లో 179 తెరిచి ఉందా చూడండి. లూప్‌బ్యాక్‌ల (రౌటర్ లోపలి ఊహా ఇంటర్‌ఫేస్‌ల) మధ్య సెషన్ అయితే రెండు పనులు మర్చిపోతుంటారు. ఒకటి అప్‌డేట్-సోర్స్ (ఏ చిరునామాతో పంపాలో చెప్పే కమాండ్): అది లేకపోతే ప్యాకెట్ వేరే చిరునామాతో వెళ్తుంది, అవతలివాడు ఒప్పుకోడు. రెండోది ఈబీజీపీ (వేర్వేరు ఏఎస్‌ల మధ్య బీజీపీ) మల్టీహాప్: ఈబీజీపీ ప్యాకెట్ల టీటీఎల్ (ప్యాకెట్ ఎంత దూరం వెళ్లవచ్చో చెప్పే సంఖ్య) సాధారణంగా 1, దాన్ని పెంచాలి. ఏఎస్ నంబరు తప్పైతే కనెక్షన్ కలిసిన వెంటనే నోటిఫికేషన్ వచ్చి తెగుతుంది, లాగ్‌లో స్పష్టంగా ఉంటుంది.

ఎస్టాబ్లిష్డ్ అయ్యాక కూడా రౌట్లు సున్నా అంటే, నెట్‌వర్క్ కమాండ్‌లో రాసిన ప్రిఫిక్స్ (నెట్‌వర్క్ చిరునామా) అదే మాస్క్‌తో రౌటింగ్ టేబుల్‌లో ఉందా చూడండి. టేబుల్‌లో /24 ఉండగా /23 రాస్తే అది బయటికి వెళ్లదు. ఎఫ్ఆర్ఆర్ (ఉచిత రౌటింగ్ సాఫ్ట్‌వేర్) వాడుతుంటే సమ్మరీలో సంఖ్య ఉండాల్సిన చోట 'పాలసీ' అని కనిపించవచ్చు. 2017లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8212 (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) ప్రకారం ఈబీజీపీలో పాలసీ రాయనిదే రౌట్లు ఇవ్వకూడదు, తీసుకోకూడదు. రెండు దిశల్లోనూ రౌట్-మ్యాప్ (ఏ రౌట్లను అనుమతించాలో చెప్పే నియమాలు) రాయండి. ఆ తనిఖీని ఆపే కమాండ్ ఉంది గానీ, ల్యాబ్ దాటి వాడకండి.