బైబిల్లో లేని మాట

ప్రశ్న: అయ్యగారూ, మా సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం) గుడిలో, మన నమ్మకాన్ని క్లుప్తంగా చెప్పే నైసియా విశ్వాస ప్రమాణం చదువుతాం. మా అల్లుడి సంఘంలో చదవరు. "అది మనుషులు రాసింది, వాక్యం చాలు" అంటాడు. ఏం చెప్పమంటారు? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మనుషులే రాశారు, కాదనలేం. క్రీ.శ. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి పిలిస్తే బిషప్పులు నైసియాలో కూడారు. ఇప్పుడది తుర్కియేలోని ఇజ్నిక్. గొడవ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో మొదలైంది. అక్కడి సంఘ పెద్ద ఆరియస్, కుమారుడైన యేసు లేని కాలం ఒకటుందని బోధించాడు. ఆయనా వాక్యమే చూపించాడు, "తండ్రి నాకంటె గొప్పవాడు" అని! ఏ వచనం చదివినా ఆరియస్ వర్గం తమ అర్థమే లాగుతుంటే, చివరికి బిషప్పులు ఈ ప్రమాణంలోకి బైబిల్లో లేని గ్రీకు మాట తెచ్చారు: హొమొఊసియోస్, అంటే తండ్రితో ఒకే స్వభావం గలవాడు. తర్వాత కొందరు అందులో ఒక్క అక్షరం చేర్చి 'పోలిన స్వభావం' అన్నారు. మనకు గుడి, గుడిదీర్ఘం తేడాలా కనిపిస్తుంది గానీ, ఆ ఒకే స్వభావం కోసం అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్ ఐదుసార్లు దేశబహిష్కరణ పాలయ్యాడు. పరిశుద్ధాత్మ గురించిన భాగం 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో పెరిగింది.

ఇక అల్లుడుగారిని, యేసు దేవుడా అని అడగండి. అవునంటాడు. చదవకపోయినా ఆ ప్రమాణంలోని మాటే ఒప్పుకున్నట్టు. నలభై ఏళ్లు చదివించినవాణ్ణి, ఆదివారం సగంమంది పెదాలు కదిపేవారే. నాకు ఆయన ప్రశ్నే నయం. ఆదివారం భోజనానికి పిలిచి, యోహాను సువార్త మొదటి అధ్యాయం ఇద్దరూ కలిసి చదవండి.