కారు గుద్దుకున్న గొడవలో డబ్బు కట్టమని లాయరు నోటీసు వచ్చింది, ఏం చెయ్యాలి?

మీ ప్రశ్న చదివితే నాకు అర్థమైంది ఇదీ. పర్లాకిమిడి నుంచి పాతపట్నం వెళ్ళే రోడ్డులో, ఒడిశా హద్దు దాటకముందే, మీ కారూ ఎదురొచ్చిన కారూ రాసుకున్నాయి. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, పోలీసు కేసు లేదు, తప్పు మాత్రం మీది కాదు. రెండు నెలలు పోయాక శ్రీకాకుళం లాయరు దగ్గర్నుంచి నోటీసు: 15 రోజుల్లో 1,60,000 కట్టాలి, లేకపోతే సివిల్, క్రిమినల్ చర్యలు. మీ బావగారేమో సగానికి బేరమాడి వదిలించుకోమంటున్నారు. కట్టకపోతే అరెస్టు చేస్తారా అన్నది మీ అసలు భయం.

చెయ్యరు. ఆ భయం ముందు తీసి పక్కన పెట్టండి. లాయరు నోటీసంటే అవతలివాడి మాటే, లాయరు కాగితం మీద టైపయి వచ్చింది. దాని మీద కోర్టు ముద్ర ఉండదు, కేసు నంబరు ఉండదు, ఏ జడ్జీ దాన్ని చూసి ఉండడు. క్రిమినల్ అని బెదిరించేది మహా అయితే నిర్లక్ష్యంగా బండి నడిపారన్న కేసు గురించి. అది భారతీయ న్యాయ సంహితలో 281వ సెక్షను: గరిష్ఠంగా 6 నెలల జైలు, లేదా 1,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. బెయిలబుల్ కూడా. పెడితే పోలీసులు పెట్టాలి, లాయరు కాదు. దానికీ ఈ 1,60,000కీ లంకె లేదు.

అలాగని చింపి పారేయకండి. బావగారి మాట విని బేరానికీ కూర్చోకండి. ఈ రెంటిలో రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకో కింద చెప్తాను.

నాది బరంపురం, పట్టు చీరల వ్యాపారం. పని మీద ఇచ్ఛాపురం వెళ్తుంటే, 16వ నంబరు జాతీయ రహదారి మీద గిరిసోల ఇంకా రాకముందే, నా ముందు ఎడమ వరసలో పోతున్న ఏపీ 39 కారు ఉన్నట్టుండి డివైడరు సందులోకి తిరగడానికి కుడికి కోసేసింది. ఇండికేటరు లేదు. నేను బ్రేకు తొక్కినా ఆగలేదు, నా బండి ముక్కు వెళ్ళి వాళ్ళ కుడివైపు వెనక డోరుకి తగిలింది. అందరూ క్షేమం. అక్కడికక్కడ ఆయన “పర్లేదండీ, ఇన్సూరెన్సు ఉంది కదా” అన్నాడు, నేనూ సరే అన్నాను, విడిపోయాం. కొన్ని వారాలకి నోటీసు. అందులో నేను అతివేగంగా వచ్చి వెనక నుంచి గుద్దానట. రిపేరుకి 1,46,000, బండి లేక అద్దె కారు తిప్పుకున్నందుకు 37,000, మానసిక వేదనకి 50,000, ఆఖరున నోటీసు ఖర్చు 5,500. మొత్తం 2,38,500.

ఇంట్లో వాళ్ళు మొత్తం చూసి బెంబేలెత్తారు. నేను మాత్రం జతపరిచిన గ్యారేజీ ఎస్టిమేటు ముందేసుకుని కూర్చున్నాను. మీరూ ముందు అదే చెయ్యండి, వరస వరసా చదవండి. నా ఫోన్లో రోడ్డు మీద తీసిన ఫొటోలున్నాయి. వాటిలో వాళ్ళ కుడి వెనక డోరు మధ్యలో నిలువుగా నొక్కుకుపోయింది, ఆ డోరు అద్దం పొడి రోడ్డంతా పడి ఉంది. డిక్కీ మీద గీత కూడా లేదు, వెనక బంపరు మీద దుమ్ము దుమ్ముగానే ఉంది. ఎస్టిమేటులోనేమో డిక్కీ డోరు కొత్తది, వెనక బంపరు కొత్తది, పైగా ముందు ఎడమ హెడ్‌లైటు! వెనక నుంచి గుద్దానన్న కథకి డిక్కీ సరిపోతుంది, మరి హెడ్‌లైటు ఏ కథకి సరిపోతుందో ఆ గ్యారేజీవాడికే తెలియాలి.

నేను వెంటనే ఫోను తీసి ఆ లాయరుకి ఇదంతా చెప్దామనుకున్నాను. కోర్టుపేటలో మా వకీలు గారు ఒక్క మాటతో ఆపారు: “ఆయన్ని ఒప్పించి నువ్వేం చేస్తావయ్యా? ఆయన నీ జడ్జీ కాదు.” మీకు నేను చెప్పదలుచుకున్నదీ అదే. మీరిచ్చే జవాబు అవతలి లాయరు కోసం కాదు. గొడవ ముదిరితే ఏడాదికో రెండేళ్ళకో ఆ కాగితం చదవబోయేది మీ ఇన్సూరెన్సు కంపెనీ ఆఫీసరు, లేదా మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌లో జడ్జీ. వాళ్ళు చదువుతారని మనసులో పెట్టుకుని రాయాలి. అలా అనుకుంటే కోపం మాటలు, వ్యంగ్యాలు, జీవిత కథలు వాటంతటవే రాలిపోతాయి.

జవాబు కంటే ముందు చెయ్యాల్సిన పని ఇంకోటుంది. మీ పాలసీ బయటికి తియ్యండి. రోడ్డెక్కే ప్రతి బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి, అది ఉన్నదే ఇలాంటి రోజు కోసం. అవతలి బండికి జరిగిన నష్టం మీరు కట్టాల్సి వస్తే మీ తరఫున కంపెనీ కడుతుంది. పాలసీలో టీపీపీడీ అని ఒక వరస ఉంటుంది, ఇతరుల ఆస్తి నష్టానికి పరిమితి అది. ప్రైవేటు కారుకి మామూలుగా 7,50,000 ఉంటుంది. ప్రీమియం కాస్త తగ్గుతుందని కొందరు ఏజెంట్లు దాన్ని 6,000కి కుదించి రాసేస్తారు. మీది ఏదో ఇవాళే చూసుకోండి.

ఆ పాలసీ వెనక సన్నని అక్షరాల్లో రెండు షరతులుంటాయి. ఒకటి, ప్రమాదం గురించి మీకు ఏ ఉత్తరం, ఏ నోటీసు వచ్చినా వెంటనే కంపెనీకి పంపాలి. రెండు, కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా మీరు తప్పు ఒప్పుకోకూడదు, డబ్బిస్తానని మాటివ్వకూడదు, ఇవ్వకూడదు. అందుకే బేరం ప్రమాదం అన్నాను. మీ బావగారి సలహా మీద 80,000 చేతిలో పెట్టారనుకోండి, ఆ డబ్బు కంపెనీ మీకు తిరిగివ్వదు. పైగా తప్పు మీదేనని మీరే ఒప్పుకున్నట్టు అవతలివాళ్ళు చూపించుకుంటారు. రేపు వాళ్ళింట్లో ఒకరికి మెడ నొప్పి మొదలైందంటూ ఇంకో నోటీసు వస్తే మీ చేతిలో ఏమీ ఉండదు.

నేను నోటీసు కాపీ, పాలసీ నంబరు, జరిగింది నాలుగు వాక్యాల్లో రాసి కంపెనీకి ఈమెయిలు పెట్టాను. అదే కాగితం బ్రాంచిలో ఇచ్చి నా కాపీ మీద ముద్ర వేయించుకున్నాను. బ్రాంచిలో కుర్రాడు “కోర్టు సమన్లు వస్తే అప్పుడు రండి సార్” అన్నాడు. అనే ఉంటారు, వాళ్ళ అలవాటది. ముద్ర మాత్రం వదలకండి. నోటీసు కంపెనీకి చెప్తే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) పోతుందని చాలామంది దాస్తారు. బోనస్ పోయేది మీ సొంత బండి రిపేరుకి క్లెయిమ్ చేసుకుంటే, అవతలివాడి దావా గురించి చెప్పినందుకు కాదు.

ఇక జవాబు. మా వకీలు గారు ఇంగ్లీషులో రాసిచ్చారు, ఒక పేజీకి మించలేదు. సారాంశం ఇలా ఉంటుంది: “మీ ఫలానా తేదీ నోటీసు అందింది. ప్రమాదం మా నిర్లక్ష్యం వల్ల జరిగిందన్న మాట నిజం కాదు, మేము ఒప్పుకోవడం లేదు. మీ క్లయింటు వాహనం సిగ్నలు లేకుండా మా వాహనానికి అడ్డంగా తిరిగింది. మీరు అడిగిన మొత్తాలు వేటినీ అంగీకరించడం లేదు. మా వాహనానికి ఫలానా పాలసీ అమల్లో ఉంది, మీ నోటీసు ఆ కంపెనీకి పంపాము. మా హక్కులన్నీ నిలుపుకుంటూ ఈ జవాబు ఇస్తున్నాము.” ఫొటోలు జతపరచలేదు. అవి మన దగ్గరున్నాయని వాళ్ళకి ఇప్పుడే తెలియక్కర్లేదు అన్నారాయన.

తర్వాత అదే జవాబులో అవతలివాళ్ళని నాలుగు కాగితాలు అడిగారు: రిపేరు అసలు బిల్లు, డబ్బు కట్టిన రశీదు, అద్దె కారు బిల్లులు, ఇన్సూరెన్సు కోసం నష్టం అంచనా వేసే సర్వేయరు రిపోర్టు. వాటి వెనకాలే ఒక ప్రశ్న: “మీ క్లయింటు ఇదే నష్టానికి తన ఇన్సూరెన్సు కంపెనీ దగ్గర ఓన్ డ్యామేజి (సొంత బండి నష్టం) క్లెయిమ్ చేశారా? చేసుంటే క్లెయిమ్ నంబరు, వచ్చిన మొత్తం తెలుపగలరు.” మొత్తం జవాబులో బలమంతా ఈ వాక్యంలోనే ఉంది. ఫుల్ ఇన్సూరెన్సు ఉన్నవాడు బండి కంపెనీ డబ్బుతో బాగు చేయించుకుని, అదే బిల్లు మళ్ళీ మన దగ్గర వసూలు చేద్దామని చూడడం మామూలే. ఒక నష్టానికి రెండుసార్లు డబ్బు రాదు. మా కేసులో అదే జరిగిందని తర్వాత తెలిసింది. రెండో నోటీసులో రిపేరు వరస మాయమైపోయి, మానసిక వేదన, అద్దె కారు మాత్రం మిగిలాయి.

జవాబు స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచండి, డెలివరీ అయినట్టు ట్రాకింగ్ పేజీ ప్రింటు తీసుకోండి. వాట్సాప్‌లో జవాబివ్వకండి. ఆ లాయరు గుమాస్తా ఫోన్ చేసి “ఎంతో కొంత చెప్పండి సార్” అంటే, “రాసి పంపండి” అని పెట్టెయ్యండి.

ఫోన్లు ఆగాక పెద్దమనుషులు వచ్చారు. మీకూ వస్తారు. “ఒడిశాలో ఉన్నా మనం మనం తెలుగువాళ్ళమే కదా బాబూ, కోర్టులెందుకు” అని ఒకాయన మా కొట్లో కూర్చుని కాఫీ తాగి మరీ చెప్పాడు. మర్యాదగానే మాట్లాడాను, కాఫీ ఇంకోటి తెప్పించాను, “కంపెనీ ఒప్పుకోకుండా నేను రూపాయి ఇవ్వకూడదు బాబాయ్, పాలసీ షరతు” అన్నాను. ఈ మాట భలే పనిచేస్తుంది, మొహమాటం మనది కాకుండా కంపెనీది అయిపోతుంది.

మీరు ఠాణాలో ఏమైనా రాయించారో లేదో రాయలేదు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ప్రకారం డ్రైవరు ప్రమాదం సంగతి పోలీసులకీ, ఇన్సూరెన్సు కంపెనీకీ తెలియజేయాలి. నేను ఆ రోజే ఐఐసీ (ఠాణా ఇన్‌ఛార్జి ఇన్‌స్పెక్టరు) గారికి కాగితం ఇచ్చి స్టేషన్ డైరీ నంబరు తీసుకున్నాను. అది ఒడియాలో ఉంటుంది. వ్యవహారం శ్రీకాకుళం జిల్లాకి వెళ్తే అక్కడ అనువాదం కావాలి, ముందే చేయించి పెట్టుకోవడం మేలు. వెళ్ళే అవకాశం ఉంది మరి: పిటిషన్ వేసేవాడు ప్రమాదం జరిగిన చోట గానీ, తను ఉండే చోట గానీ, మీరుండే చోట గానీ ట్రైబ్యునల్‌లో వేసుకోవచ్చు. పర్లాకిమిడిలో గుద్దుకున్నాం కాబట్టి గజపతి జిల్లాకే రావాలి అని ధీమాగా ఉండకండి. ప్రమాదమైన 6 నెలల్లోపు పిటిషన్ వేయాలన్న, అదే చట్టంలోని 166(3) నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని మీద వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది కాబట్టి, 6 నెలలు దాటాయని ఫైలు పారేయకండి. రోడ్డు పక్క బంకులో సీసీ కెమెరా ఉంటే మాత్రం ఆ ఫుటేజీ ఎక్కువ కాలం ఉండదు, రేపే వెళ్ళండి.

నేను చెప్పిందంతా దెబ్బలు తగలని కేసుకి. నోటీసులో ఎవరికైనా గాయమైందని ఒక్క ముక్క ఉన్నా, ప్రమాదం నాటికి మీ పాలసీ గానీ లైసెన్సు గానీ గడువు దాటి ఉన్నా, ఇదంతా మర్చిపోయి నేరుగా వకీలు దగ్గరికి వెళ్ళండి. అప్పుడు భారం మీ మీద పడొచ్చు. ఫీజు ఇబ్బందైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, హెల్ప్‌లైన్ 15100. మహిళలకీ, ఎస్సీ ఎస్టీలకీ, ఆదాయం పరిమితి లోపు ఉన్నవాళ్ళకీ ఉచితంగా వకీలుని ఇస్తారు. అలాగే ట్రైబ్యునల్ నుంచి నిజమైన సమన్లు వస్తే ఆ తేదీకి హాజరు కావాల్సిందే, లేకపోతే మీ మాట వినకుండానే తీర్పు వస్తుంది.

మా కేసులో అవతలివాళ్ళు రెండో నోటీసుకి కూడా అదే జవాబు అందుకున్నాక మళ్ళీ ఏమీ పంపలేదు. ట్రైబ్యునల్‌లోనూ ఏమీ వెయ్యలేదు. మీ కేసు అలాగే ముగుస్తుందని నేను చెప్పలేను. నోటీసు తేదీ, పాలసీలో టీపీపీడీ అంకె, మీ బండికి దెబ్బ ఎక్కడ తగిలిందో రాయండి, జవాబులో ఏ వాక్యం ఎలా పెట్టాలో చూద్దాం. బండి ఇంకా షెడ్డుకి ఇవ్వకపోతే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసి ఉంచండి.