మనిషెత్తు పైరు వెనక

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంగ్లీషువాళ్లకీ ఫ్రెంచివాళ్లకీ జరిగిన చందుర్తి యుద్ధం మీద నువ్వు పంపిన వ్యాసం చేరి మూడు వారాలైంది. ఆలస్యానికి ఏమీ అనుకోకు. మొదటిసారి చదువుతూ పన్నెండో పేజీలో ఆపేసి, కాగితాలు పక్కన పెట్టేశాను. నన్ను ఆపింది ఒక్క వాక్యం. "ఆంగ్లేయుల సిపాయిలు పిరికితనంతో పారిపోయారు" అని రాశావు.

నా మనవడి వయసువాడివి కాబట్టి నువ్వు అనే అంటాను. ఆ మాట రాసే ముందు ఆ సిపాయిలు, అంటే ఇంగ్లీషు కంపెనీ కొలువులో ఉన్న మనవాళ్లు, ఎక్కడ నిలబడ్డారో చూశావా? 1758 డిసెంబరు. ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ దగ్గర తెల్లసైనికులు ఐదు వందలకు లోపే. మనిషెత్తు పైరు అడ్డం ఉంటే వాళ్లు ఫ్రెంచివాళ్లకి కనపడలేదు. కనపడిందల్లా ఎర్రకోట్లు తొడుక్కున్న సిపాయిలు. వాళ్లే ఇంగ్లీషు పటాలం అనుకుని ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ తన తెల్లసైన్యాన్నంతా వాళ్ల మీదికి తోలాడు. యూరప్‌లో ఒక పటాలం ఇంకో పటాలం మీద కాల్చే కాల్పుల్ని ఆ సిపాయిలు తిన్నారు. వరస చెదిరింది. తరుముతూ ఫ్రెంచివాళ్లూ వరస తప్పారు. అప్పుడు పైరు వెనక నుంచి ఇంగ్లీషువాళ్లు బయటికొచ్చి కాల్చారు. యుద్ధం అక్కడే తేలిపోయింది.

పిరికివాళ్లని నువ్వన్న మనుషులు ఆ కాసేపు అక్కడ నిలబడకపోతే ఫోర్డ్‌కి గెలుపెక్కడిది? నువ్వు నమ్ముకున్న ఇంగ్లీషు చరిత్రకారుడు ఓర్మ్ ఆ చేలో లేడు. కంపెనీ కౌన్సిల్లో కూర్చున్న మనిషి. ఆ యుద్ధం ఉన్న సంపుటం ఇంగ్లండులో అచ్చయింది 1778లో, అంటే ఇరవై ఏళ్ల తర్వాత. అతనికి చెప్పింది అధికారులు. వాళ్ల పక్కన నిలబడ్డ సిపాయిని ఎవరూ ఏమీ అడగలేదు. రెండున్నర శతాబ్దాల తర్వాత తెలుగులో రాస్తున్న నువ్వూ అడగకపోతే ఇక అడిగేదెవరు?

ఇంకో చిన్న సంగతి. ఓర్మ్ ఆ పైరుని "ఇండియన్ కార్న్" అన్నాడు. నువ్వు మొక్కజొన్న అని దించేశావు. డిసెంబరు నెలలో ఆ మెట్టల్లో మనిషెత్తు పైరంటే జొన్నే అయ్యుంటుందని నా నమ్మకం. చందుర్తి వెళ్లానని రాశావు, ఫొటోలు కూడా పెట్టావు. గట్టు మీద కూర్చున్న ఒక ముసలి రైతుని పలకరించాల్సింది.

నలభై ఏళ్లుగా నేను అందరికీ చెబుతున్న మాట ఒకటుంది. యుద్ధం గురించి రాసేవాడు అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది సైనికుడి జీతం. ఎంత, ఎవరిస్తానన్నారు, చేతికి అందిందా. నీ ముప్ఫై నాలుగు పేజీల్లో డబ్బు అన్న మాట ఒక్కసారి కూడా లేదు. కానీ చందుర్తి నుంచి బందరు దాకా ఆ కథంతా డబ్బు మీదే నడిచింది. ఇంగ్లీషువాళ్లని పిలిపించుకున్న విజయనగరం రాజు ఆనందగజపతిరాజు ఫోర్డ్ సైన్యం ఖర్చుకి నెలకి 50,000 రూపాయలు, అధికారులకి ఇంకో 6,000 ఇస్తానని ఒప్పుకున్నాడు. గెలిచాక ఆ సొమ్ము రాలేదు. ఓడినవాడి వెంటపడాల్సిన సైన్యం వారాల తరబడి గోదావరి దగ్గరే ఉండిపోయింది. 1759 మార్చిలో ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న బందరు కోట ముందు దిగాక తెల్లసైనికులే తుపాకులు పట్టుకుని తిరగబడ్డారు. పాత బాకీ కట్టాలి, కోట పడితే దొరికే సొమ్మంతా మాకే రావాలి, లేకపోతే వెళ్లిపోతాం అన్నారు. ఒకపక్క ఫ్రెంచివాళ్ల పక్షాన హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ సైన్యంతో వస్తున్నాడు, ఇంకోపక్క ఫిరంగుల మందు అయిపోతోంది. ఫోర్డ్ బతిమాలి, మాటిచ్చి సర్దిచెప్పాడు. ఏప్రిల్ 7 రాత్రి వాళ్లు బురదలో దిగి కోట పట్టుకున్నారు. లోపల దొరికిన ఖైదీలు, దాడి చేసినవాళ్ల కంటే ఎక్కువమంది. ఉత్తర సర్కార్లు, అంటే మన కోస్తా జిల్లాలు, ఇంగ్లీషువాళ్ల చేతికి పోవడానికి దారి అక్కడే పడింది. ఇదంతా నువ్వు "వీరోచిత దాడి" అని రెండు మాటల్లో కానిచ్చావు.

నా మొదటి వ్యాసం ఇదే బందరు ముట్టడి మీద. బియ్యం ధరలు, ఎడ్లబళ్ల కిరాయిలు, సిపాయికిచ్చే బత్తా (భత్యం), ఇవన్నీ పెన్సిలుతో ఎత్తి రాసుకుని వేసవంతా మద్రాసులో ఒక మెస్సులో పూటకూడు తిని తయారుచేశాను. సంపాదకుడు పిలిచి, "యుద్ధంలో ఈ కిరాణా పద్దులేంటండీ" అన్నాడు. లెక్కలన్నీ కొట్టేసి, గుర్రం మీద కత్తి దూసిన వీరుడి బొమ్మ వేసి అచ్చేశాడు. నలుగురూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఇంటికెళ్లి అన్నం సహించలేదు. ఈ రోజుల్లో ఆ బొమ్మ స్థానంలో డ్రోన్ షాట్లు, డప్పుల మోత, మా కులం వీరుడు అంటే మా కులం వీరుడు అన్న పోట్లాట వచ్చాయి. నీ వ్యాసంలో అక్కడక్కడ ఆ మోత వినిపించింది. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

యుద్ధంలో నూటికి పదిహేను నుంచి ఇరవై ఐదు మందే తుపాకి పేలుస్తారని అమెరికా సైనిక చరిత్రకారుడు మార్షల్ లెక్క ఒకటి ఎత్తుకొచ్చావు. అది తీసెయ్యి. 1947లో ఆయన పుస్తకం వచ్చినప్పుడు అందరూ నమ్మారు. 1980ల్లో ఆయన పెట్టుకున్న నోట్సు వెతికితే ఆ లెక్కకి ఆధారం దొరకలేదు. సైనికుల్ని అడిగి రాయడం మంచి పద్ధతే, అడిగింది అడిగినట్టు రాసుకున్నప్పుడు.

అడగడమంటే ఏమిటో నాకు మాధవరంలో తెలిసింది. తాడేపల్లిగూడెం దగ్గరుంది, మిలిటరీ మాధవరం అంటారు. 1983లో అక్కడ బర్మా యుద్ధానికి వెళ్లొచ్చిన ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నాను. జపాన్‌వాళ్ల మాట ఎత్తినప్పుడల్లా ఆయన మాత్రల గురించి చెప్పేవాడు. మలేరియాకి పసుపుపచ్చ మాత్ర. వరసలో నిలబెట్టి, మింగేదాకా ఎదురుగా ఉండి చూసేవారట. "ఒళ్లంతా పసుపు పూసినట్టు అయిపోయేది బాబూ, సెలవుకొస్తే మా అమ్మ కామెర్లనుకుని ఏడ్చింది" అన్నాడు. ఇదేం యుద్ధం కబురని నాకు విసుగొచ్చి నోటుబుక్కు మూసేశాను. తర్వాత బర్మాలో ఆ సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ రాసింది చదివాను. 1943లో గాయాలతో ఒకణ్ణి వెనక్కి పంపితే, జబ్బులతో 120 మందిని పంపాల్సి వచ్చిందట. మాత్రలు సరిగ్గా మింగించని అధికారుల్ని ఆయన పదవుల్లోంచి తీసేశాడు. పెద్దాయన నాకు చెప్పింది అసలు యుద్ధమే. మళ్లీ మాధవరం వెళ్లేసరికి ఆయన లేడు. ఆ మూసేసిన నోటుబుక్కు నా దగ్గర ఇంకా ఉంది.

నీ వ్యాసం రెండోసారి ఎందుకు తెరిచానో చెబుతాను. చివర్లో కృతజ్ఞతల కింద రెండు లైన్లు ఉన్నాయి. మీ ముత్తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయి అనీ, ఆయన పే బుక్కు (జీతం లెక్కల పుస్తకం) ఇంట్లో రేకుపెట్టెలో ఉందనీ, అది చూశాకే నీకు చరిత్ర మీద ఆసక్తి పుట్టిందనీ. ఆ రెండు లైన్లు చదివాక నాకు చాలాసేపు మాట రాలేదు. ముప్ఫై నాలుగు పేజీలు రాసినవాడివి, ఆ పుస్తకంలో ఏముందో ఒక్క ముక్కైనా రాయలేదేం?

ఎక్కడ అచ్చుకివ్వాలి, ఎవరు వేస్తారు అన్న నీ ప్రశ్నలు పక్కనుంచు. ముందు ఆ పెట్టె తెరువు. నెలకి జీతం ఎంత రాశారో, అందులో ఇంటికి ఎంత కోయించారో, ఏ నెలలో ఆగిందో చూసి వరసగా ఎత్తి రాసుకో. కాగితం పొడిపొడి అవుతుంటే ఫొటో తీసుకో, అంటించడానికి టేపు మాత్రం వాడకు. మీ తాతగారికి ఎనభై దాటినా మాట స్పష్టంగా ఉందన్నావు. ఆ డబ్బు ఇంటికి ఎలా వచ్చేదో, రాగానే వాళ్లమ్మ ముందు ఎవరి బాకీ తీర్చేదో, డబ్బు రాని నెల ఇంట్లో ఏం వండేవారో అడుగు. ఆయన పక్కదారి పడితే పట్టనియ్యి. నోటుబుక్కు ముయ్యకు.

సంక్రాంతికి ఇంటికి వెళ్తావుగా. వచ్చాక నాకు రాయి.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి