కరోనా రోజుల్లో పక్షవాతం కేసులు నిజంగా తగ్గాయా?

ప్రశ్న ఇది: "2020 లాక్‌డౌన్‌లో ఆసుపత్రుల్లో స్ట్రోక్ అడ్మిషన్లు బాగా పడిపోయాయని చదివాను. అందరూ ఇంటిపట్టున ప్రశాంతంగా ఉండడం వల్ల జబ్బే తగ్గిందా, లేక జనం ఆసుపత్రికి వెళ్ళలేదా?"

వెళ్ళలేదు. ఇంత ధీమాగా ఎందుకంటున్నానంటే, అప్పుడు ఆసుపత్రికి వెళ్ళనివాళ్ళు నాలుగు నెలల తర్వాత మా దగ్గరికి వచ్చారు. నేను ఫిజియోథెరపిస్టుని, తెనాలిలో చిన్న క్లినిక్ ఉంది. పక్షవాతం వచ్చినవాళ్ళు డిశ్చార్జి అయ్యాక కాలూ చెయ్యీ తిరిగి ఆడించడానికి మా దగ్గరికి వస్తారు.

ముందు మా ఇంటి సంగతి చెప్తాను.

2020 ఏప్రిల్ రెండో వారం. మా పెద్దమ్మకి అప్పుడు 62. తెనాలికి పది కిలోమీటర్ల దూరంలో పల్లెటూళ్ళో అన్నయ్యా వదినలతో ఉంటుంది. బీపీ ఉంది, పదేళ్ళుగా రోజూ బిళ్ళ వేసుకుంటుంది. ఆ నెలలో మాత్రం వేసుకోలేదు. ఉన్నవి అయిపోయాయి, ఆవిడ వాడే కంపెనీవి ఊళ్ళో దొరకవు, తెనాలి రావాలంటే దారి పొడుగునా పోలీసులు. పది రోజులకే ఏమవుతుందిలే అనుకుని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు పొద్దున ఏడింటికి బియ్యం కడుగుతుంటే గిన్నె చేతిలోంచి జారింది. మళ్ళీ తీసింది, మళ్ళీ జారింది. వదిన వచ్చి చూస్తే మూతి ఓ పక్కకి లాగినట్టుంది. ఏమడిగినా "పాలు" అంటోంది. బియ్యం చూపిస్తే పాలు, అన్నయ్యని చూపిస్తే పాలు. నీరసమనుకుని మజ్జిగ తాగించి పడుకోబెట్టారు.

నాకు ఫోన్ వచ్చింది సాయంత్రం అయిదు దాటాక. ఒళ్ళు మండిపోయింది. "పొద్దున్నే చెయ్యొచ్చుగా అన్నయ్యా! కనీసం 108కైనా చెయ్యొచ్చుగా!" అన్నాను. ఆయన గొంతు తగ్గించి, "అంబులెన్స్ మన వీధిలోకొస్తే ఏమంటార్రా? కరోనా అంటారు. అందర్నీ ఎక్కించుకుపోయి క్వారంటైన్‌లో పడేస్తారు. చిన్నపిల్లలతో నేనేం చెయ్యను?" అన్నాడు.

ఇప్పుడు వింటే విడ్డూరంగా ఉంటుంది. అప్పుడు రాష్ట్రంలో కేసులు ఎక్కువున్న జిల్లాల్లో మాదొకటి, కర్నూలొకటి. పక్క ఊళ్ళో ఒకరికి వచ్చిందని తెలిసి వీళ్ళ ఊరి పొలిమేరలో ముళ్ళకంప అడ్డం వేశారు. అలాంటి చోట మూతి వంకరపోవడం కన్నా సైరన్ మోతకే ఎక్కువ భయపడతారు మరి.

వీడియో కాల్ పెట్టించి నవ్వమన్నాను, రెండు చేతులూ ముందుకి చాపమన్నాను. కుడి చెయ్యి సగంలోనే వాలిపోయింది. నేను వెంటనే బయల్దేరాను, కారులో గుంటూరు తీసుకెళ్ళాం. దారిలో మూడు చోట్ల ఆపారు గానీ, ఆవిడ్ని చూడగానే వదిలేశారు. ఆ మాట చెప్పుకోవాలి, ఎందుకంటే అందరూ పోలీసుల వల్లే ఆలస్యమైందంటారు. మాకు ఆలస్యమైంది ఆసుపత్రి గేటు దగ్గర. పేరు అనవసరం, అప్పుడు చాలాచోట్ల అదే తంతు. పెద్దమ్మకి పొడిదగ్గు ఉంది. "దగ్గుందా? అయితే అటు" అని పక్కన రేకుల షెడ్డులో కూర్చోబెట్టారు. తలతోపాటు ఛాతీకి కూడా సీటీ స్కాన్ తియ్యాలన్నారు. అంతకుముందు స్కాన్‌కి వెళ్ళిన మనిషి అనుమానం కేసట, గది శుభ్రం చేసేదాకా ఆగమన్నారు. టెక్నీషియన్ పీపీఈ కిట్ తొడుక్కోవాలి. మామూలు రోజుల్లో తల సీటీ పది నిమిషాల పని, ఆ రోజు గంటన్నర పట్టింది. వాళ్ళనీ తిట్టలేను. సిబ్బందిలో ఒక్కరికి పాజిటివ్ వస్తే వార్డుకి వార్డే మూసెయ్యాల్సిన రోజులవి.

ఇంత హడావిడి ఎందుకో తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. స్ట్రోకుల్లో ఎక్కువ భాగం మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడడం వల్ల వచ్చేవి. ఆ గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి. పెద్ద నాళం మూసుకుపోతే తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డని బయటికి లాగుతారు. దానికి మామూలుగా ఆరు గంటలు, స్కాన్‌లో మెదడు ఇంకా కాపాడుకునేంత ఉందని తేలితే కొందరికి 24 గంటల దాకా గడువుంటుంది. పెద్ద నాళం మూసుకుని వైద్యం అందకపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని న్యూరాలజిస్టులు లెక్క కట్టారు. మా పెద్దమ్మకి గిన్నె జారింది పొద్దున ఏడింటికి, స్కాన్ అయ్యేసరికి రాత్రి ఎనిమిదిన్నర. పెద్ద నాళం కాదన్నారు, ఇంజెక్షన్ టైమ్ ఎప్పుడో దాటిపోయింది. మిగిలినవి ఆస్పిరిన్, బీపీ మందులు, వెంకటేశ్వరస్వామి మొక్కు. వార్డులో ఉంటే కరోనా అంటుకుంటుందని నాలుగో రోజే ఇంటికి తెచ్చేశారు.

మాటలు చాలావరకు తిరిగొచ్చాయి, నడుస్తుంది. కుడి చేతి వేళ్ళకి మాత్రం పట్టు దొరకలేదు. ఎడమ చేత్తో ముద్ద పెట్టుకోవాల్సి వస్తుందని ఇప్పటికీ పెళ్ళిళ్ళలో బంతికి కూర్చోదు. ఇంటికొచ్చి తింటుంది.

మా ఇంటి కథ ఒక్కటే పట్టుకుని జబ్బు తగ్గలేదని చెప్పడం సరికాదు, కాబట్టి అంకెలు కూడా. అమెరికాలో 856 ఆసుపత్రుల్లో స్ట్రోక్ స్కాన్లు విశ్లేషించే ఒక సాఫ్ట్‌వేర్‌ని ఎంతమందికి వాడారో లెక్క తీసి 2020 మేలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. ఫిబ్రవరిలో ఒక్కో ఆసుపత్రిలో రోజుకి సగటున 1.18 మంది, మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో 0.72 మంది. 39 శాతం పడిపోయింది. తర్వాత 70 దేశాల్లో 457 కేంద్రాల లెక్కలు కలిపి చూస్తే, అంతకుముందు నాలుగు నెలలతో పోల్చినప్పుడు అడ్మిషన్లు 11.5 శాతం, గడ్డ కరిగించే ఇంజెక్షన్లు 13.2 శాతం తగ్గాయి. నాకు ఈ రెండో అంకె ముఖ్యమనిపిస్తుంది. మనుషులు తగ్గినదానికన్నా ఇంజెక్షన్లు ఇంకాస్త ఎక్కువ తగ్గాయంటే, వచ్చినవాళ్ళలో కూడా కొందరు టైమ్ దాటాక వచ్చారనో, గేటు దగ్గర టైమ్ పోగొట్టుకున్నారనో అర్థం. పెద్దమ్మకి రెండూ జరిగాయి.

జబ్బే తగ్గిందనుకోవడానికి ఇంకో అడ్డు ఉంది. కరోనా వల్ల రక్తం గడ్డకట్టే స్వభావం పెరుగుతుంది, అంటే స్ట్రోకులు పెరగాలి. 2020 వసంతంలో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రి డాక్టర్లు రెండు వారాల్లో 50 ఏళ్ళలోపు వాళ్ళు అయిదుగురిని చూశారు, అందరికీ పెద్ద నాళమే మూసుకుపోయింది, అందరికీ కరోనా ఉంది. ఆ అయిదుగురిలో ఇద్దరు ఆసుపత్రికి వెళ్ళాలంటే భయపడి అంబులెన్స్‌ని ఆలస్యంగా పిలిచారు. అమెరికా అయినా ఆంధ్రా అయినా భయం ఒకటే. చాలాచోట్ల ఎక్కువగా తగ్గినవి చిన్న స్ట్రోకులు, పావుగంట చెయ్యి తిమ్మిరెక్కి మళ్ళీ మామూలైపోయే రకాలు. మామూలు రోజుల్లో అయితే పిల్లలు బలవంతంగానైనా తీసుకెళ్తారు. లాక్‌డౌన్‌లో "తగ్గిపోయిందిగా" అని ఊరుకున్నారు. అది పెద్ద స్ట్రోక్ రాబోతోందన్న హెచ్చరిక అని వాళ్ళకి తెలియదు.

ఇక మా క్లినిక్. మార్చి 22 జనతా కర్ఫ్యూ రోజు దించిన షట్టర్ జూన్‌లో ఎత్తాను. మాకు కొత్త పేషెంట్ వస్తే మొదట అడిగేది డిశ్చార్జి ఫైలు. ఆ జూన్, జులై, ఆగస్టుల్లో "ఫైలు లేదు సార్" అన్న మాట విన్నన్నిసార్లు నా సర్వీసులో ఎప్పుడూ వినలేదు. స్కాన్ లేదు, ఎడమ మెదడో కుడి మెదడో, గడ్డో రక్తస్రావమో తెలియదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ రెండు సెలైన్లు పెట్టాడు, అంతే.

ఒకాయన ఆటో డ్రైవర్, 44 ఏళ్ళు. ఆగస్టులో భార్య తీసుకొచ్చింది. ఏప్రిల్ చివర్లో పక్షవాతం వచ్చిందట. ఎడమ చెయ్యి ఛాతీకి అతుక్కున్నట్టు ముడుచుకుపోయింది. పిడికిలి తెరవడానికి నాకు పది నిమిషాలు పట్టింది. లోపల గోళ్ళు అరచేతిలోకి దిగి పుండు పడి వాసన వస్తోంది. మంచం మీంచి లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకునే లాగుతూ వచ్చారు, భుజం కీలు జారి కిందికి దిగింది. మోచేతి మీద ఎర్రటి మరకలేమిటమ్మా అంటే, "పావురం రక్తం డాక్టరు గారూ, రాస్తే నరాలు లేస్తాయన్నారు" అంది. తిట్టబుద్ధి కాలేదు. ఆ ఏప్రిల్‌లో ఆమెకి ఆసుపత్రి కన్నా పావురమే అందుబాటులో ఉంది.

రెండో వేవ్ వేరే రకం. చాలామంది రెండూ కలిపి మాట్లాడతారు గానీ, నేను చూసినంతలో అవి దాదాపు తలకిందులు. మొదటిసారి మామూలు వార్డుల్లో మంచాలు ఖాళీ, మనుషులు రాలేదు. 2021 మేలో మనుషులు వచ్చారు, మంచాలు లేవు. ఆంధ్రాలో మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. అదే నెలలో హైదరాబాద్ వెళ్ళే మన అంబులెన్సుల్ని తెలంగాణ సరిహద్దులో ఆపేస్తే హైకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. ఆ నెలలో స్ట్రోక్ వచ్చినవాడికి భయం లేకపోయినా ఐసీయూ దొరకలేదు.

మళ్ళీ ఇలాంటిది వస్తే ఏం చెయ్యాలని కింద కామెంట్లలో ఒకరు అడిగారు. మూతి వంకర, చెయ్యి వాలడం, మాట తడబడడం, ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనబడినా మొదట గడియారం చూసి టైమ్ రాసి పెట్టుకోండి, డాక్టరు మొదట అడిగేది అదే. నిద్రలో వస్తే, చివరిసారి బాగున్నది ఎప్పుడో చెప్పండి. నోట్లో ఏమీ పొయ్యకండి, మజ్జిగ కూడా. మింగుడు పడకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. స్కాన్ కాకుండా ఆస్పిరిన్ వెయ్యకండి, రక్తస్రావమైతే కొంప మునుగుతుంది. బీపీ ఎక్కువుందని అప్పటికప్పుడు దించే బిళ్ళ నాలుక కింద పెట్టించకండి. సీటీ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్ళండి. బీపీ బిళ్ళలు ఒక నెలకి సరిపడా ఎప్పుడూ అదనంగా ఉంచుకోండి. మా పెద్దమ్మ డబ్బాలో ఇప్పుడు రెండు నెలలవి ఉంటాయి, వదిన లెక్కపెడుతుంది.

ఇంకొకరు, అంత ఆలస్యమయ్యాక ఫిజియో దండగే కదా అన్నారు. ఆటో డ్రైవర్ భార్య కూడా మొదటి రోజు అదే అడిగింది. ఎక్కువ మెరుగు మొదటి మూడు నెలల్లోనే కనిపిస్తుంది, ఆయనకి ఆ కాలమంతా మంచం మీదే పోయింది. అయినా సంక్రాంతి నాటికి చీలమండకి పట్టీ వేసుకుని కర్ర లేకుండా నడిచాడు. భుజం నొప్పి తగ్గింది, పిడికిలి శుభ్రంగా ఉంచుకోగలుగుతున్నాడు, కానీ వేళ్ళు తెరుచుకోలేదు. ఆటో ఇప్పుడు బావమరిది తోలుతున్నాడు. ఈయన సాయంత్రం స్టాండుకి నడిచి వెళ్ళి ఆ రోజు డబ్బులు తీసుకుని ఇంటికి వెళ్తాడు.