కొత్త క్యాప్ ఎత్తుగా తగులుతుంటే ఆగాలా?

కింది దవడ పంటికి రూట్ కెనాల్ చేసి క్యాప్ పెట్టారు, పది రోజులైనా నోరు మూస్తే ముందు ఆ పన్నే తగులుతోంది, "అలవాటవుతుంది" అంటున్నారు, ఆగాలా అని కదా అడిగారు. ఆగకండి. పక్క పళ్ల మధ్య బిగుతుగా అనిపించడం రెండు మూడు రోజుల్లో పోతుంది. ఎత్తు అలా పోదు. దానికి అలవాటు పడ్డామంటే ఆ పన్నో ఎదుటి పన్నో ఒత్తిడికి జరిగి ఉంటుంది, లేదా మనమే దవడ పక్కకు తిప్పి నమలడం మొదలుపెట్టి ఉంటాం.

పై దవడ పళ్లకు అంగిలి వైపున్న మొనలు కింది పళ్ల నడిమి గుంటల్లో, కింది పళ్లకు బుగ్గ వైపున్న మొనలు పై పళ్ల గుంటల్లో కూర్చోవాలి, రోట్లో రోకలి పడ్డట్టు. అప్పుడు బలం వేరు వెంట నిలువుగా దిగుతుంది. వాలు మీద తగిలితే పన్ను పక్కకు తోసుకుపోతుంది. దవడను పక్కకు జరిపినప్పుడైతే కోరపళ్లు ఆనుకుని, వెనక పళ్లు విడిపోవడం మంచిది.

నరం తీసేశాక నొప్పేమిటని చాలామందికి అనుమానం. తీసింది పంటి లోపలి నరం. వేరుకీ ఎముకకీ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల నారపొర ఉంటుంది, దాని స్పర్శ అలాగే ఉంటుంది. వెంట్రుక మందం ఎత్తు తేడా వచ్చినా అది పట్టేస్తుంది. అందుకే మీకు తగులుతోందంటే తగులుతున్నట్టే.

ఇంట్లో ఒక పరీక్ష: నిటారుగా కూర్చుని, ఎదుటి పై పంటి బుగ్గ వైపు వేలికొస ఆనించి, పళ్లు మెల్లగా టక్ టక్‌మని తాటించండి. పక్క పళ్ల దగ్గర లేని అదురు అక్కడ తెలిస్తే ఆ జంట మీదే భారం ఎక్కువ పడుతోంది.

క్లినిక్‌లో మత్తు సూది లేకుండా చూపించుకోండి. మొద్దుబారిన నోటితో ఎలా కొరుకుతున్నామో మనకే తెలియదు. ఎక్కడ తగులుతోందో తెలియడానికి పళ్ల మధ్య రంగు కాగితం పెట్టి కొరికిస్తారు. ముందు పళ్లు పొడిగా తుడవాలి, తడి మీద రంగు అంటదు. కాగితం 40 మైక్రాన్లో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అంతకన్నా పలచనిదో కావాలి. 200 మైక్రాన్లది ఎక్కడపడితే అక్కడ మరకలు చేస్తుంది. నిలువుగా కొరకడానికి ఒక రంగు, పక్కలకు రాయడానికి ఇంకో రంగు. అసలు ఎత్తున్న చోట మచ్చ నిండుగా ఉండదు: అంచు ముదురుగా, నడుమ తెల్లగా చిన్న ఉంగరంలా కనబడుతుంది. అక్కడే కొంచెం కొంచెం అరగదీస్తూ మళ్లీ మళ్లీ చూడాలి. చివర్లో 8 మైక్రాన్ల రేకును క్యాప్ మీద, పక్క పళ్ల మీద పెట్టి, పళ్లు మూసి లాగితే అన్నిచోట్లా ఒకేలా పట్టుకోవాలి. తర్వాత పాలిష్ తప్పనిసరి, గరుకు జిర్కోనియా (క్యాప్‌లు చేసే గట్టి పింగాణీ లాంటి పదార్థం) ఎదుటి పంటిని అరగదీస్తుంది.

అరగదీసే ముందు క్యాప్ అంచు చిగురు దగ్గర పూర్తిగా దిగిందో లేదో చూడమనండి. సిమెంటు మందంగా ఉండిపోయి దిగకపోతే అరగదీసినా ఆ సందు అలాగే ఉంటుంది, లోపల పుచ్చుతుంది. అప్పుడు తీసి మళ్లీ పెట్టాల్సిందే.

ఎత్తు సరిచేశాక నొప్పి కొద్ది రోజుల్లో తగ్గాలి. కొరికి వదిలినప్పుడు కలుక్కుమంటే పగులు ఉందేమో వెతకాలి. వాపు, చీము, రాత్రిళ్లు దానంతట వచ్చే పోటు ఉంటే ఎక్స్‌రే తీసి రూట్ కెనాల్‌నే మళ్లీ చూడాలి.